పసిబడుల తారతమ్యము

మైపాడులో బస్సు నిలుచు చోట, వేట నిషేధమునకు రెండు నెలలు ముందుగా, ఒక ఉదయము చేపలగంపతో నెల్లూరికి పోవుటకు నిలిచియున్న ఒక ఆడకూతురు నన్నాపి ఒక ప్రశ్న వేసెను. ఆమె నన్నెరుగును, ఆమె అన్న నా యొద్ద చదువుకొన్నవాడు. "అయ్యోరా, మా బిడ్డకి మూడేండ్లు నిండినాయి. మా పాలెంలో బడి మంచిదా, ఊళ్ళో బడి మంచిదా? యాడ చేర్చమంటారు?" అని అడిగెను.

ముప్పది యేండ్లు ఒకటవ తరగతి పిల్లలచేత పలక పట్టించినవాడను. సమాధానము వెదకుకొన నక్కరలేకపోయెను. "రెండూ సర్కారు బడులే గదమ్మా, రెండూ ఒకటే. దగ్గరున్నదాంట్లో చేర్చు" అంటిని. ఆమె నవ్వి, "రెండూ ఫైబరు పడవలే గదా అని రెండూ ఒకటే అంటామా అయ్యోరా?" అని బస్సెక్కి పోయెను.

ఆ నవ్వులోని న్యాయము నాకు తట్టుటకు రెండు దినములు పట్టినది. నేను చెప్పినది సమాధానము కాదు, తప్పించుకొనుట. మనుమరాలిని ఏ బడిలో చేర్చవలెనని నా కుమారుడు అడిగినప్పుడు నేను 'అన్నియు ఒకటే' అనలేదు. నాలుగు బడులకు పోయి, పంతులమ్మలతో మాటలాడి, మరుగుదొడ్లు సైతము తలుపు తీసి చూచి వచ్చితిని. గంప మోయు తల్లి అడిగినప్పుడు మాత్రము అన్నియు ఒకటే ఎట్లయినవి? పేదవాడు బడులను పోల్చడు, పెట్టినది తిని చెప్పినది వినును అని మన ఉపాధ్యాయులలో ఒక నమ్మకము కలదు. ఈ మాటను నాతో ఒక ప్రధానోపాధ్యాయ మిత్రుడు స్పష్టముగానే అనెను. పోల్చకున్నచో ఆమె అడుగుట యెందుకు?

కావున ఆ నెలలోను, పై నెలలోను, ఇందుకూరుపేట మండలములో, సముద్రపు టిసుక మొదలు పెన్న యొడ్డు వరకు ఆరు అంగన్‌వాడి కేంద్రములకు పోయి, ఒక్కొక్కచోట ఒక పూట మూలన కూర్చుంటిని. వాని పేర్లు ఇచ్చట చెప్పను. చెప్పినచో ఆ పంతులమ్మలకు మరునాడే సంజాయిషీ కోరు కాగితములు పోవును. పిల్లలకు మాత్రము ఏమియు రాదు.

ఆరింటిని గూర్చియు వ్రాయుట విసుగు. రెండింటిని గూర్చి చెప్పెదను.

మొదటిది ఊరినడుమ, ప్రాథమిక పాఠశాల ఆవరణలోనే, పక్కా భవనములో ఉన్నది. గోడలమీద ఏనుగులు, రైళ్ళు, ఇంగ్లీషు అక్షరములు. నేను కూర్చున్న పూట పదునాలుగురు పిల్లలుండిరి. అందరును చేతులు కట్టుకొని, నోటిమీద వ్రేలుంచుకొని కూర్చుండిరి. పంతులమ్మ 'ఏ ఫర్ యాపిల్' మొదలు చివర వరకు చెప్పించెను. పిల్లలందరు ఒక్క గొంతుకతో చెప్పిరి. చూచువారికి ముచ్చటగానే యుండును. కాని రెండు గంటలలో ఏ ఒక్క బిడ్డయు తనంత తానుగా ఒక్క పూర్తివాక్యము పలుకగా నేను వినలేదు.

రెండవది ఒక పాలెములోనిది. అద్దెగది, రేకుల కప్పు, ఒక్కటే కిటికీ. లోపలికి పోగానే కొంతసేపు కన్ను కానరాదు. పంతులమ్మ ఒడ్డున ఏరిన గవ్వలను, ఆలుచిప్పలను చాపమీద పోసి, పెద్దవానిని చిన్నవానిని వేరుచేయించుచుండెను. అంతలో ఒక పిల్లవాడు, "మా నాయన తెచ్చిన పీతకి ఒక కాలు లేదు" అనెను. "మరి పీతకి ఎన్ని కాళ్ళుండాలి?" అని ఆమె అడిగెను. ముందరి రెండు పెద్ద కాళ్ళను లెక్కలో చేర్చవలెనా వద్దా అని పెద్ద తగవు బయలుదేరినది. ఎనిమిదని కొందరు, పది యని కొందరు. ఒక బిడ్డ పరుగున ఇంటికి పోయి గిన్నెలో పీతనే తెచ్చెను. లెక్క తేలినది. వంజరమునకును చందువకును భేదము చూపగల ఆ బిడ్డలను యాపిలు పండు బొమ్మ ముందర కూర్చుండబెట్టినచో వారికి ఏమియు తెలియదని మనమే వ్రాసికొందుము.

ఇక్కడితో ఆపినచో ఇది మంచి కథ యగును. పూరిపాకలోనే విద్య యున్నది, భవనములో లేదు అని తేల్చి, చదువరులు సంతోషింపవచ్చును. కాని నేను ఆ పూట అక్కడనే యుంటిని. పీత పాఠము నలుబది నిమిషములలో ముగిసినది. ఆ కేంద్రమునకు ఆయా లేదు. ఆ చోటు ఎంతకాలమునుండియో ఖాళీగా నున్నది. కావున పంతులమ్మ లేచి పొయ్యి దగ్గరకు పోయెను. బియ్యము కడుగుట, పప్పు ఉడికించుట, గ్రుడ్లు లెక్కించుట, ఆ పిమ్మట ఫోనులో హాజరు, ఫోటోలు. పిల్లలు కొట్టుకొనిరి, ఏడ్చిరి, ఇద్దరు ఇండ్లకు పోయిరి. మరుగుదొడ్డి లేదు. త్రాగునీరు బిందెతో మోసికొని రావలెను. మార్చి ఎండకు ఆ రేకుల క్రింద నాబోటి వృద్ధునికి కూర్చుండుట కష్టమైనది. మూడేండ్ల బిడ్డ మాట చెప్పనేల?

మొదటి కేంద్రమునకు మరల పోయితిని. ఈసారి మధ్యాహ్నము. అక్కడ ఆయా కలదు, కొళాయి కలదు. పిల్లలు వరుసగా చేతులు కడిగికొని, అన్నముతో గ్రుడ్డు తిని, చాపలమీద నిద్రించిరి. వారిలో యానాదుల బిడ్డ యొకతె ఉండెను. ఆమె తల్లిదండ్రులు రొయ్యలగుంటల దగ్గర కూలికి తెల్లవారకమునుపే పోవుదురు. ఆ బిడ్డను ప్రతిదినము కాలువగట్టునుండి చేయిపట్టి తెచ్చునది ఎవరో తెలియునా? 'ఏ ఫర్ యాపిల్' చెప్పించిన ఆ పంతులమ్మయే. బిడ్డ బరువు ఆరు నెలలలో ఎంత పెరిగినదో ఆమె పుస్తకము తెరువకయే చెప్పెను. నేను ఉదయమున ఆమెను గూర్చి మనసులో వ్రాసికొన్న తీర్పును కొట్టివేసికొనవలసివచ్చెను.

మరి ఏది మంచిబడి? ఈ ప్రశ్నకు మన ప్రభుత్వము వద్ద సమాధానము లేకపోలేదు. 2021 నుండి పోషణ్ ట్రాకర్ అను ఏర్పాటులో ప్రతి కేంద్రము లెక్కలును చేరుచున్నవి. హాజరు, బరువు, ఎత్తు, పంచిన ఆహారము. ఇవి వలసినవే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు పెరుగనివారు. అట్టిచోట తూకమును తేలిక చేయువాడు మూర్ఖుడు. కాని ఆ లెక్కలలో పీత కాళ్ళ తగవునకు గడి లేదు. బిడ్డ మాటలాడెనా, ప్రశ్న వేసెనా అను గడి లేదు. ఎందుకు లేదో ఆలోచించితిని. కారణము చట్టములోనే యున్నదని నాకు తోచినది.

రాజ్యాంగమునకు 2002లో జరిగిన 86వ సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు చదువును ప్రాథమిక హక్కు చేసినది. ఆరేండ్లలోపు బిడ్డలను మాత్రము 45వ అధికరణములో, ప్రభుత్వము ప్రయత్నింపవలెనను ఆదేశముగా నిలిపినది. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 11వ విభాగము, మూడు మొదలు ఆరేండ్ల పిల్లలకు ప్రభుత్వము బడి ఏర్పాటు చేయవచ్చును అన్నది, చేయవలెను అనలేదు. అన్నము సంగతి వేరు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఉత్తరువులతో మొదలై, 2013 నాటి ఆహారభద్రతా చట్టముతో అది హక్కుగా స్థిరపడినది. మూడేండ్లు దాటిన బిడ్డకు దినమునకు 500 కెలొరీలు, 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులు అని లెక్క కట్టినారు. అనగా మన మూడేండ్ల బిడ్డకు గ్రుడ్డు చట్టము ప్రకారము రావలసినది, మాట మాత్రము పంతులమ్మ దయ. ఏది హక్కో దానినే లెక్కింతురు. ఏది లెక్కింతురో దానినే తనిఖీ చేయుదురు. పంతులమ్మ పాఠము ఆపి పొయ్యి దగ్గరకు పోయినదన్న, తప్పు ఆమెది కాదు.

మొదలుపెట్టినవారి తలంపు ఇది కాదు. తారాబాయి మోదక్ 1945లో బొంబాయికి ఉత్తరమున బోర్డీ గ్రామములో శిశుకేంద్రము తెరచినప్పుడు, పేదవాడల పిల్లలు దానికి రాకపోవుట చూచి, బడినే వారి వాకిళ్ళకు తీసికొనిపోయెను. అంగన్‌వాడి అను మాట అక్కడనే పుట్టినది. అంతకు ముందే 1920లో గిజుభాయి బధేకా భావనగరములో బాలమందిరము పెట్టియుండెను. 1939లో మాంటిస్సోరీ స్వయముగా మదరాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మన దుర్గాబాయమ్మ అధ్యక్షతన 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పల్లెలలో బాలవాడులు పెట్టించినది. 1975 అక్టోబరు 2న దేశములోని 33 బ్లాకులలో ప్రయోగముగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము వీరందరి వెనుక వచ్చినది. దానిలో ఆరు సేవలు చేర్చినారు. పసిచదువు వానిలో ఒకటి మాత్రమే. వంటయిల్లు, మందులగది, బడి, మూడును ఒక్క గదిలో, ఒక్క స్త్రీ చేతిలో.

ఈ మండలమునకు చదువులో చిన్న చరిత్ర లేదు. పల్లిపాడులో పెన్న యొడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7న గాంధీగారు తెరచిరి. ఆ ఆశ్రమమునకు అండగా నిలిచిన పొణకా కనకమ్మగారే 1923లో నెల్లూరిలో ఆడపిల్లలకై కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. నూరేండ్ల క్రిందట బడి కొరకు చేతినున్నది ఊడ్చి ఇచ్చినవారు తిరిగిన నేలమీద, నేడు ఒక ఆయాను నియమించుటకు ఏండ్లు పట్టుచున్నది. ఇది ప్రస్తావవశమున అంటిని.

పోలికలో మరియొక చిక్కు కలదు. అది అందరికిని తెలియును గాని ఎవరును వ్రాయరు. 400 మొదలు 800 వరకు జనాభాకు ఒక కేంద్రము అని సూత్రము. చిన్న ఆవాసములకు 150 నుండి చిన్న కేంద్రము. ఈ సూత్రము మంచిది. బిడ్డకు దూరము తగ్గినది. కాని మన గ్రామములలో ఆవాసములు ఎట్లున్నవి? ఊరు వేరు, పట్టపుపాలెము వేరు, దళితవాడ వేరు, కాలువగట్టున యానాదుల గుడిసెలు వేరు. ఆవాసమునకొక బడి పెట్టినచో కులమునకొక బడి యగును. కావున కేంద్రములను పోల్చుచున్నామని చెప్పుచు మనము వాడలను పోల్చుచున్నాము. పాలెము కేంద్రములో తక్కువ బరువు పిల్లలు ఎక్కువ అని పట్టికలో పడినచో, అది పంతులమ్మ అసమర్థత కాదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట లేక పొయ్యి చల్లారిన యిండ్ల లెక్క యది. ఉప్పునీటి లెక్క యది. అట్టి పట్టికను చూచి ఊరి కేంద్రమునకు బహుమానమిచ్చి, పాలెము కేంద్రమునకు మెమో ఇచ్చుటకంటె అన్యాయమున్నదా? బిడ్డ బరువును పొరుగు వాడ బిడ్డతో కాక, ఆరు నెలల క్రిందటి ఆ బిడ్డతోనే పోల్చవలెను. ఊరి పంతులమ్మ ఆ యానాదుల బిడ్డ విషయమున చేసినది ఇదియే. ఆమెకు ఎవరును నేర్పలేదు.

అమెరికాలో పెద్ద పట్టణముల శివారులలో బడుల పాలన చిన్న చిన్న జిల్లాలుగా నుండును. ఖర్చులో పెద్దభాగము అక్కడి యిండ్లమీది పన్నునుండి వచ్చును. మంచిబడి యున్న పేటలో ఇంటివెల పెరుగును. కలిగిన తల్లిదండ్రులు బడి కొరకు ఇల్లే మార్చుదురు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు ఇల్లు కొనుటకు ముందు మొట్టమొదట అడుగునది బడుల సంగతియే. వారు అడుగుట తెలివి యని మెచ్చుకొందుము. మైపాడు ఆడకూతురు అదే ప్రశ్న అడిగినది. భేదమెల్ల ఒక్కటే: ఆమె ఇల్లు మార్చలేదు. సముద్రము ఇక్కడ నున్నది, వల ఇక్కడ నున్నది. ఆమెకు మిగిలినది ఊరి వాకిట నిలుచు పచ్చ వ్యాను. నెలనెల రొక్కము పోసి బిడ్డను ఎల్.కె.జి.లో వేయుట. పాలెములో అప్పు చేసియైనను ఆ వ్యాను ఎక్కించువారు పెరుగుచున్నారు. వారిని తప్పుపట్టను. కాని ఆ వ్యాను దిగిన చోటను నేర్పునది, నేను చూచినంతవరకు, చేతులు కట్టుకొని పలుకు ఆ యాపిలు పండే.

అదే దేశమునుండి మరియొక సంగతి మన ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. మిచిగన్ రాష్ట్రములో ఇప్సిలాంటి అను చిన్న పట్టణమున 1962 మొదలు 1967 వరకు పెర్రీ బడిలో ఒక పరీక్ష జరిగినది. పేద నల్లజాతి కుటుంబముల బిడ్డలు 123 మందిని రెండు జట్లుగా చేసి, 58 మందికి పసిబడి చదువు చెప్పి, తక్కినవారికి చెప్పక, రెండు జట్లను నలుబదేండ్లు వచ్చువరకు గమనించిరి. బడికి పోయినవారి తెలివి పరీక్షల మార్కులు మొదట పెరిగి, కొలది యేండ్లలోనే రెండవ జట్టుతో సమానమైనవి. అక్కడ లెక్క ముగించినచో ఆ బడి వ్యర్థమని తేలియుండును. కాని పెద్దవారైన పిమ్మట బడికి పోయినవారే ఉన్నత పాఠశాల చదువు ఎక్కువగా ముగించిరి, ఎక్కువ సంపాదించిరి, చెరసాలల పాలగుట తగ్గినది. అది చిన్న పరీక్షయే, ఒక్క ఊరిదే. అయినను పసిబడిని మూడవ తరగతి మార్కులతో తూచువారు దానిని ఒకసారి తలచుకొనవలెను.

పంతులమ్మల జీతము సంగతి చెప్పక ఈ పోలిక ముగియదు. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రములోని అంగన్‌వాడి కార్యకర్తలు సమ్మెకు దిగి, 2024 జనవరి 22 వరకు, 42 దినములు నిలిచిరి. నాటికి వారి నెలసరి 11,500 రూపాయలు, ఆయాలకు 7,000. దానిని జీతమనరు, గౌరవవేతనమందురు. బడికి బడిపంతులమ్మ వలె పనిచేయవలెను, పోల్చునప్పుడు శిక్షణ పొందిన టీచరుతో పోల్చుదురు, చెల్లించునప్పుడు మాత్రము స్వచ్ఛందసేవిక. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారికి గ్రాట్యుటీ చెల్లవలెనని తీర్పు చెప్పినది గనుక ఆ వాదము కొంత వీగినది. ఇక పేర్ల మార్పులకు కొదవ లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల పసిబడిని ఒకటి, రెండు తరగతులతో కలిపి పునాదిదశ యనెను. మన రాష్ట్రములో 117వ నంబరు ఉత్తరువు 2022లో వచ్చి, 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలింపజేసి, 2025లో రద్దయినది. ఈ రాకపోకలలో ఆ పాలెము గదికి ఒక కిటికీ హెచ్చలేదు.

ఉపాధ్యాయ సోదరీ సోదరులకు నా మనవి యొకటి కలదు. మన ఆవరణలోనే అంగన్‌వాడి యున్నను మనము లోనికి పోము. అది మన శాఖది కాదందుము. ఒకటవ తరగతికి వచ్చిన బిడ్డకు ఏమియు రాదని జూన్ మాసమెల్ల విసుగుకొందుము. నేనును ముప్పది యేండ్లు అట్లే చేసితిని. ఒకటవ తరగతి చెప్పువారు నెలకొక పూట, తమ బడికి పిల్లలను పంపు ప్రతి కేంద్రములోను, పాలెములోనిదానితో సహా, కూర్చుండి చూచినచో, ఏ గదిలో పిల్లలు మాటలాడుచున్నారో, ఎక్కడ నోరు మూసికొనియున్నారో వారికి ఇట్టే తెలియును. దానికి యంత్రము వలదు. ఊరి పంతులమ్మను ఒక వారము పాలెమునకు, పాలెము పంతులమ్మను ఊరికి పంపి చూడవలెనని నా కోరిక. ఒకరి యొద్ద పీత పాఠమున్నది, ఒకరి యొద్ద తూకపు పుస్తకమున్నది. మరి ఆయా ఎన్ని దినములుగా లేదు, పంతులమ్మ దినమునకు ఎన్ని గంటలు పొయ్యి దగ్గర నున్నది, గది ఎన్ని దినములు తెరువలేదు అను లెక్కను గ్రామసభలో చదువవలెను. తల్లులు పోల్చవలసినది దానిని. మొదటి బహుమానము, రెండవ బహుమానము అను తంతు నాకు గిట్టదు. పక్కవాడి బిడ్డ ఓడినగాని మన బిడ్డ గెలువదను చదువు మూడేండ్లకే ఎందుకు?

జూన్ నెల నడుమ దాటి, పడవలు మరల నీటిలోనికి పోయిన పిమ్మట, ఆ ఆడకూతురు అదే చోట కనబడినది. బిడ్డను ఎక్కడ చేర్చితివమ్మా అని అడిగితిని.

"ఊళ్ళో చేర్చినా అయ్యోరా. మా పాలెం పంతులమ్మే చెప్పింది. నా కాడ ఆయమ్మ లేదు, నాకు పొయ్యి కాడే సరిపోతావుంది, ఆయమ్మని వేసిందాకా బిడ్డని ఊళ్ళోకి పంపించు అనింది."

నేను ఆరు కేంద్రములు తిరిగి చేసిన పోలికను ఆ పంతులమ్మ తన నోటనే, తనకు నష్టము వచ్చునట్లుగా, ఒక్క మాటలో చేసియున్నది. పిల్లలు తగ్గినచో కేంద్రమునకే ముప్పని ఆమె యెరుగును. రోజూ బిడ్డను ఎవరు తీసికొనిపోవుదురని అడిగితిని. అత్త తీసికొనిపోవును, ఎండకు ముసలామె కాళ్ళు బొబ్బలెక్కుచున్నవట.

"అందుకే అయ్యోరా, ఆయమ్మని వెయ్యమని ఎవురికి అర్జీ పెట్టాలి? మా పాలెమోళ్ళమంతా వేలిముద్రలేస్తాం. మీరు రాసిస్తారా?" అనెను.

నా సంచిలో కాగితముండెను. బస్సు వచ్చులోపల గంప అంచుమీద పెట్టి వ్రాసి యిచ్చితిని.